స్క్రూడ్రైవర్ చేతిలో ఆంథూరియం

వీధిలో అందరూ ఆయన్ని స్క్రూడ్రైవర్ అనే పిలుస్తారు. మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీ పెట్టె, ఏది మొండికేసినా ఆయన కొట్టుకే వస్తుంది. మంచి పనివాడే. కాకపోతే బాగున్నదాన్ని కూడా, ఎందుకు బాగుందో విప్పి చూడందే ఆయనకు నిద్ర పట్టదు. నిక్షేపంలా నడుస్తున్న గోడ గడియారానికి శాశ్వతంగా సెలవిచ్చిన ఘనుడు. అలాంటి మనిషికి మొక్కను అప్పగించి, ఆయన భార్య గుండె ఆపరేషన్‌కి వెళ్ళింది.

హాల్లో మూలనుండే ఆంథూరియం అది. నిగనిగలాడే ఆకులు, లక్కతో చేసినట్టుండే ఎర్రటి పూలు. ఆవిడ ప్రాణమంతా దాని మీదే.

"కుండీ ఇరుకైపోయి వేళ్ళు కింద కన్నంలోంచి బయటికొచ్చేస్తున్నాయండీ," అంది బయల్దేరే ముందు. "పెద్దదాంట్లోకి మార్చండి. కొబ్బరి పొట్టు, బొగ్గు ముక్కలు కలిపి సంచిలో ఉంచాను. ఎండ తగలనివ్వకండి. పైన ఆరితేనే నీళ్ళు పొయ్యండి. ఆ తర్వాత దాని జోలికి వెళ్ళకండి. నేనొచ్చేసరికి అది బతికుండాలి."

ఆ చివరి మాట ఆయన గుండెలో గుచ్చుకుంది. అది బతికుంటేనే ఈవిడ ఇంటికొస్తుందని మనసులో ఎక్కడో ముడి పడిపోయింది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన్ని మాత్రం ఆస్పత్రి భరించలేకపోయింది. పక్కనున్న ఖాళీ మంచం కీచుమంటోందని బోల్టు వదులు చేస్తే అది కాస్తా కుంగి కూర్చుంది. నర్సమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఇంటికెళ్ళు," అంది కూతురు. "అమ్మ దగ్గర నేనుంటాగా."

ఇంటికొచ్చి, చెప్పింది చెప్పినట్టే మొక్కను పెద్ద కుండీలోకి మార్చాడు. మర్నాటికి ఒక ఆకు పసుపు రంగుకి తిరిగింది. చోటు మారిన మొక్క కొన్నాళ్ళు దిగాలుపడటం మామూలే. ఆ సంగతి ఆయనకు తెలియదు. కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మెలా ఉంది?"

"పడుకుంది నాన్నా."

"ఊపిరి బాగానే తీసుకుంటోందా?"

"పడుకుందన్నానుగా!"

ఫోన్ పెట్టేసి, తిన్నగా వెళ్ళి మొక్కను పైకి లాగాడు. వేళ్ళు తెల్లగా, బాగానే ఉన్నాయి. మళ్ళీ పాతాడు. సాయంత్రం ఇంకో ఆకు వాలితే మళ్ళీ లాగాడు. ఈసారి ఒక వేరు పుటుక్కున తెగింది. గాలాడట్లేదేమోనని కిటికీ దగ్గర పెట్టాడు. తేమ కావాలేమోనని స్నానాల గదిలోకి మోశాడు. దాహమేమోనని నీళ్ళు పోశాడు, ఎక్కువయ్యాయేమోనని వంచేశాడు. కొట్టు తెరవలేదు, అన్నం సరిగా తినలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ కూతురు విసుక్కునేది. ప్రతిసారీ ఆయన వెళ్ళి మొక్కను లాగి చూసేవాడు.

భార్యను ఇంటికి పంపుతామన్న రోజు పొద్దున్నే చూస్తే కాడలన్నీ మెత్తబడి కుండీ అంచు మీద వాలిపోయి ఉన్నాయి. ముట్టుకుంటే వేళ్ళు జిగటగా చేతికొచ్చాయి. కుళ్ళు వాసన. తలుపుకు తాళమైనా వేయకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఆటోవాడు మెల్లగా నడుపుతున్నాడని తిట్టి, సగం దారిలో దిగిపోయి మళ్ళీ పరిగెత్తాడు. వార్డు తలుపు తొయ్యడానికి ధైర్యం చాల్లేదు. అయినా తోశాడు.

ఆవిడ మంచం అంచున కూర్చుని జడ వేయించుకుంటోంది.

"చెప్పులు పట్టుకురమ్మంటే చేతులూపుకుంటూ వచ్చారేంటండీ?"

ఆయన అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "మొక్క పోయిందే," అన్నాడు. "నేనే చంపేశాను. నువ్వు కూడా..." మాట పూర్తి కాలేదు.

కూతురు దువ్వెన పట్టుకుని బిక్కమొహం వేసింది. ఆవిడకు మాత్రం అర్థమైంది. కుట్లు నొప్పెడుతున్నా చెయ్యి చాచి ఆయన్ని దగ్గరకు లాక్కుంది.

"పోతే పోయింది లెండి," అంది. "గుండె డాక్టరుకిచ్చి మొక్క మీకిచ్చాను. అటుదిటూ ఇటుదటూ అయ్యుంటే ఏమయ్యేదాన్ని!"