మూడు కడ్డీల దగ్గర దేవకుమారి టీచరు

నరసాపురం హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు ఫిజికల్ సైన్సు చెప్పిన దేవకుమారికి కోపం కొత్త కాదు. హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లల మీదా, ల్యాబ్ తాళం పారేసిన అటెండరు మీదా ఆవిడ అరవని వారం లేదు. అవన్నీ అరిస్తే తీరిపోయే కోపాలు. అమెరికాలోని అరోరాలో కొడుకు ప్రభుకిరణ్ ఇంటికొచ్చిన మూడో నెలలో, ఒక శనివారం వచ్చిన కోపం అలాంటిది కాదు.

ఆ రోజు తొమ్మిదేళ్ళ మనవరాలు ప్రిస్సిల్లాను తీసుకుని తల్లీకొడుకులిద్దరూ పిల్లల సైన్స్ మ్యూజియానికి వెళ్ళారు. జపాన్‌లోని ఏదో ఊరి మ్యూజియం వాళ్ళు భూకంపాల గది ఒకటి తయారుచేసి అక్కడికి పంపారట. గది మధ్యలో కదిలే పలక, దాని మీద పొట్టిదీ మధ్యరకందీ పొడుగుదీ మూడు సన్నటి స్టీలు కడ్డీలు, ఒక్కో కడ్డీ చివర చెక్కబంతి. పక్కన తిప్పడానికి ఒక చక్రం. చూడగానే దేవకుమారికి ప్రాణం లేచొచ్చింది. ఇదే ప్రయోగాన్ని కొబ్బరి ఈనెలతో, బంకమట్టి ఉండలతో ఆవిడ ఎన్ని బ్యాచ్‌లకు చూపించిందో!

అక్కడున్న వాలంటీరు, ఒక పెద్దాయన, చక్రాన్ని నెమ్మదిగా తిప్పాడు. పొడుగు కడ్డీ ఊగింది. పడిపోయేవి ఎత్తైన బిల్డింగులేననీ, పొట్టి ఇళ్ళకు ఏ భూకంపంలోనూ భయం లేదనీ పిల్లలకు చెప్పాడు.

"తప్పు!" అని తెలుగులోనే అనేసింది దేవకుమారి. వెంటనే ఇంగ్లీషులో, "టర్న్ ఇట్ ఫాస్ట్. ది షార్ట్ వన్ విల్ మూవ్," అంటూ చక్రం మీద చెయ్యి వేసింది.

ఇది పిల్లల కోసమమ్మా అంటూ ఆయన నవ్వుతూనే అడ్డం వచ్చాడు. అంతలో ప్రభుకిరణ్ ముందుకొచ్చి, "సారీ సర్, షి డజంట్ నో. విజిటింగ్ ఫ్రమ్ ఇండియా," అన్నాడు.

దేవకుమారి చెవులు భగ్గుమన్నాయి. కొడుకు మోచెయ్యి పట్టుకుని బయటి వరండాలోకి లాక్కొచ్చింది.

"నాకు తెలీదా? టెన్త్‌లో నీకు ఈ పాఠం ఎవరు చెప్పార్రా?"

"అమ్మా, మెల్లగా. అందరూ చూస్తున్నారు. ఆయన ఫీలవుతాడని ఏదో అన్నాను."

"ఆయన ఫీలవకూడదని నన్ను మొద్దుని చేశావా?"

వెనకే వచ్చిన ప్రిస్సిల్లా ఇద్దరి మొహాలూ చూసింది. "మామ్మా, హి వాజ్ రాంగ్?"

"రాంగే."

"మరి చెప్పు ఆయన్కి."

"పద."

మామ్మా మనవరాలూ వెళ్ళి పిల్లల వరసలో నిలబడ్డారు. తమ వంతు వచ్చాక, "గబగబా తిప్పవే," అంది దేవకుమారి. ప్రిస్సిల్లా రెండు చేతులతో తిప్పింది. పొడుగు కడ్డీ దాదాపు కదలనే లేదు. పొట్టి కడ్డీ మాత్రం కంటికి ఆననంత వేగంగా వణికింది. పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దాయన వంగి చూసి, ఆరు వారాలుగా తప్పు చెబుతున్నానా అని ఎర్రబడిపోయాడు. ఎందుకలా అయిందో చెప్పమని అడిగాడు. ప్రతి కట్టడానికీ తనదైన ఊపు ఒకటుంటుందనీ, నేల ఊపు దానితో కలిస్తేనే ప్రమాదమనీ దేవకుమారి తన బడి ఇంగ్లీషులో, నవ్వకుండా చెప్పింది. ఆయన క్షమించమన్నాడు.

ఆ క్షమాపణతో ఆవిడకు పని లేదు. ఆయన తెలియక చెప్పాడు. తెలిసీ అన్నవాడు వెనక జాకెట్లు మోస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చేటప్పుడూ, మర్నాడు తెలుగు చర్చికి వెళ్ళేటప్పుడూ ఆవిడ కారు వెనక సీట్లో మనవరాలి పక్కనే కూర్చుంది. ఆరాధన అయ్యాక, టీ దగ్గర ప్రభుకిరణ్, "పాస్టర్‌గారూ, మా అమ్మ ఫిజిక్స్ టీచరండీ, ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు," అన్నాడు.

"ఇవాళ గుర్తొచ్చిందా? నిన్న అక్కడ నోరు పెగల్లేదేం?" అంది దేవకుమారి.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. ప్రభుకిరణ్ కప్పు బల్ల మీద పెట్టి, నిన్న తానేమన్నాడో ఒక్క ముక్క దాచకుండా అందరి ముందూ చెప్పాడు. 

దేవకుమారి చివరిదాకా విన్నది. కోపం పోలేదు. కానీ, ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం కార్లో వాడి పక్క సీట్లో కూర్చుంది.