మా నాయన బిగించని బండి

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఇటలీ మోటారుసైకిలు ఒక్కటే ఉండేది. దాన్ని విప్పడం తెలిసిన మనిషీ ఒక్కడే, మా నాయన. విప్పాక తిరిగి బిగించడం చేతకాని మనిషి కూడా ఆయనేనని ఊరు చాలాకాలం చెప్పుకుంది. ఊరికి తెలిసింది అంతే. నాకు కొంచెం ఎక్కువ తెలుసు. అందులో నా గొప్పేమీ లేదు, ఆ రోజు బడికి సెలవు.

పులివెందుల వైపు గనుల్లో పనిచేసిన ఒక విదేశీ ఇంజనీరు దేశం వదిలిపోతూ ఆ బండిని పక్క పల్లె రైతు ఒకాయనకు ఇచ్చిపోయాడు. ఎర్రటి ట్యాంకు, నడుము వంచితే తప్ప అందని పొట్టి హ్యాండిలు. పందేల కోసం చేసిన బండి అట. మా రోడ్ల మీద దానితో పందేనికి ఎద్దులబండ్లు తప్ప ఏమీ దొరికేవి కావు. అయినా ఆయన గెలిచిన ప్రతిసారీ సంతోషించేవాడు. ఆయన్ని బండాయన అంటాను. అసలు పేరు ఇప్పుడు చెప్పినా ఏమీ కాదు, కానీ మా జిల్లాలో కొన్ని జాగ్రత్తలు వయసుతో పోవు.

మా షెడ్డు జమ్మలమడుగు రోడ్డులో ఉండేది. నాయన మిషన్ బడిలో ఇనుప పని నేర్చుకున్నాడు. మిగతా బండ్లను రిపేరు చేసేవాడు, ఈ బండికి మాత్రం వైద్యం చేసేవాడు. వాల్వుల సందు సరిచేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కునేవాడు, అన్నానికి ముందు కూడా అంత కడిగేవాడు కాదని అమ్మ ఫిర్యాదు. నిప్పురవ్వ ఎప్పుడు పుడుతుందో చూడటానికి సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి, చక్రం మెల్లగా తిప్పుతూ, కాగితం వదులైన క్షణాన్ని వేళ్లతో పట్టుకునేవాడు. "ఆఁ, ఇప్పుడు" అనేవాడు. వెంటనే నేను చక్రం మీద సుద్దముక్కతో గీత గీయాలి. అప్పుడు నేను ఏడో తరగతి. తర్వాత ముప్పై ఏళ్లు కాలేజీలో ఫిజిక్సు చెప్పాను గానీ, అంత కచ్చితమైన గీత మళ్లీ గీయలేదు.

బండాయనకు అవతలి ఊరి వాళ్లతో ఒక బావి గురించి కేసు నడుస్తుండేది. బావిలో నీళ్లు ఎప్పుడో ఎండిపోయాయి, కేసు మాత్రం ఊరుతూనే ఉంది. శుక్రవారం జమ్మలమడుగులో వాయిదా. జీపులో పదిమందిని వెంటేసుకుని పొమ్మని ఇంట్లోవాళ్లు బతిమాలినా ఆయన వినేవాడు కాదు. ఒక్కడే, ఆ ఎర్రబండి మీద, కొండ మలుపుల్లో కాలు కింద పెట్టకుండా దిగి పోవడం ఆయనకు దర్జా. వాయిదాకు రెండు రోజుల ముందు సర్వీసుకని బండి మా షెడ్డులో వదిలిపోయేవాడు.

ఆ బుధవారం నేను టైర్ల గుట్ట వెనక కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. అవతలి ఊరి మనిషి. చాలా మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చాడు. మెకానిక్కు షెడ్డులోకి అంత మర్యాదగా వచ్చిన మనిషిని నేను అంతకు ముందుగానీ తర్వాతగానీ చూడలేదు.

"ముందు చక్రం నట్టు బిగించేది మర్సిపో అప్పా," అన్నాడు, మంచినీళ్లు అడిగినంత మెల్లగా. "మనిషన్నాక మర్సిపోతాడు. మర్సిపోతే కేసేముంది?"

నాయన చేతిలోని స్పానరు తుడుస్తూనే ఉన్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. "సైకిలు కాదు కదన్నా. ఇటలీ బండి. చూస్తా," అన్నాడు.

పోతూ పోతూ ఆయన టైర్ల గుట్ట దగ్గర ఆగాడు. నేనున్నట్టు మొదటినుంచీ తెలిసినట్టే ఉంది. నా తల నిమిరి, "ఏం క్లాసు పాపా? బడికి యా దోవన పోతావు?" అని అడిగాడు. పెద్దవాళ్లు అడిగితే సరిగా జవాబివ్వాలని నేర్పారు కాబట్టి దోవంతా వివరంగా చెప్పాను, కాలువ గట్టు అడ్డదారితో సహా. నాయన తుడవడం ఆపేశాడు.

ఆయన పోయాక నాయన చాలాసేపు బండి పక్కన గొంతుకూర్చున్నాడు. బండాయనకు చెబితే శనివారానికల్లా అవతలి ఊళ్లో శవం లేస్తుంది, సాక్ష్యం మా ఇంట్లో ఉంటుంది. చెప్పకుండా నట్టు వదిలేస్తే శుక్రవారమే లేస్తుంది, ఇవతలి ఊళ్లో. బండి ముట్టుకోనంటే నేను బడికి పోయే కాలువ గట్టు దారి ఉండనే ఉంది. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు కనిపించింది ఒక్కటే, ఆయన చేతులు సబ్బుతో కడుక్కొచ్చి గోనెపట్టా పరిచాడు.

సాయంత్రానికి బండి లేదు. గోనెపట్టా మీద వరసగా సామాన్లున్నాయి. ట్యాంకు, చక్రాలు, పిస్టను, స్ప్రింగులు, నాకు పేర్లు తెలియని పళ్లచక్రాలు. చివరగా ఇంజను కడ్డీ గాడిలోంచి చిటికెనవేలి గోరంత ఇనుపముక్క ఒకటి ఊడదీశాడు. అర్ధచంద్రం ఆకారం, మెకానిక్కులు దాన్ని హాఫ్‌మూన్ కీ అంటారు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో చక్రాన్ని కడ్డీ మీద కదలకుండా పట్టి ఉంచేది అదే. అది లేకపోతే చక్రం జారుతుంది, రవ్వ తనకు తోచినప్పుడు పుడుతుంది. నాయన దాన్ని గుడ్డతో తుడిచి నా జామెట్రీ డబ్బాలో, వృత్తలేఖిని కింద పెట్టాడు.

"ఎవరన్నా అడిగితే?" అన్నాను. అబద్ధం ఆడకూడదని ఆదివారం బడిలో అప్పటికే చాలాసార్లు చెప్పించారు.

"ఎవురూ అడగర్లే. ఆడపిల్ల డబ్బాలో బండి సామాను ఎవురన్నా ఎతుకుతారా?"

శుక్రవారం పొద్దున బండాయన వచ్చి గోనెపట్టాను చూశాడు. మనిషి నోట్లో అన్ని తిట్లుంటాయని అప్పటిదాకా నాకు తెలీదు. నాయన చేతులు కట్టుకుని, మాగ్నెటో పోయిందన్నా, బొంబాయి నుంచి రావాలన్నాడు. వాయిదాకు వేళవుతుంటే ఆయన చేసేదేమీ లేక బస్సెక్కాడు. ఆ బస్సులో డెబ్భైమంది మనుషులు, పైన గడ్డిమోపులు, నాలుగు మేకలు. కొండ మలుపులో ఆయన కోసం ఎవరైనా కాచుకుని ఉంటే, మేకల్ని దాటి ఆయన్ని చేరడం కష్టం.

ఆ మరుసటి వారం తెల్లచొక్కా ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి చెప్పులు విడవలేదు. గోనెపట్టాను చూస్తూ, "ఏందప్పా, ఒక నట్టు మర్సిపొమ్మంటే మొత్తం బండే మర్సిపోతివే," అన్నాడు.

"ఇటలీ పని నాకు రాదన్నా," అన్నాడు నాయన. "విప్పితి. మళ్లా ఎట్ల పెట్టాల్నో తెలీకపాయ."

తెల్లచొక్కా ఆయన మా నాయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను డబ్బా మూత మీద రెండు చేతులూ పెట్టుకున్నాను. చివరికి ఆయన నవ్వాడు. "నీకు పనే రాదని నాకు ముందే తెలిసింటే శానా బాగుండు," అని వెళ్లిపోయాడు. చేతకానివాడి మీద ఎవరూ కక్ష కట్టరు, అంత తీరిక ఎవరికీ ఉండదు.

గండం అక్కడితో పోయిందనుకున్నాం. మూడో వారం బండాయన కడప నుంచి ఒక మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. తెల్లగడ్డం, జేబులో సొంత స్పానర్లు. ఆయన ఒక్కో సామానూ తీసి చూసుకుంటూ మధ్యాహ్నానికి సగం ఇంజను బిగించాడు. అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి, ఎందుకుండవు? చివరికి ఇంజను కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు. ఖాళీ గాడి మీద బొటనవేలు పెట్టాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

షెడ్డులో బండాయన ఉన్నాడు, ఆయన మనుషులు నలుగురున్నారు. కావాలని కీ తీశారని ఒక్క మాట చాలు, నాయన అవతలివాళ్ల మనిషని తేలిపోతుంది. తేలిన తర్వాత ఏమౌతుందో మా ఊళ్లో ఏడో తరగతి పిల్లకి కూడా విడమర్చి చెప్పనక్కర్లేదు. బడి సంచీలో నా డబ్బా గలగలమన్నట్టు అనిపించింది. సంచీని ఒళ్లోకి లాక్కున్నాను.

మేస్త్రీ నాయన వైపు చూశాడు. నాయన కింద గోనెపట్టాను చూస్తున్నాడు. తర్వాత మేస్త్రీ నన్ను చూశాడు, నేను సంచీని పొట్టకు అదిమి పట్టుకున్న తీరు చూశాడు. బొటనవేలు ఆ గాడి మీద నుంచి తీయకుండానే బండాయనతో అన్నాడు: "నై సాబ్. లోపల అరిగిపోయింది. ఈ సామాను ఈడ దొరకదు. ఈ భాయ్ తప్పేం లేదు, ఇది మనవల్ల అయ్యే బండి కాదు."

కడప జిల్లాలోకెల్లా పెద్ద మేస్త్రీ, తనకూ చేతకాదని నలుగురి ముందు ఒప్పుకుని, టీ కూడా తాగకుండా బస్సెక్కి పోయాడు. ఆయన పేరు మేం అడగలేదు. ఆయనా మమ్మల్ని ఏమీ అడగలేదు.

బండాయన సామానంతా గోతాల్లో నింపించి ట్రాక్టరులో వేయించుకుని పోయాడు. మిగతా వాయిదాలన్నీ బస్సులోనే తిరిగి తిరిగి, ఆ విసుగుకేనేమో, వేసవికి రాజీ పడ్డాడు. నాయనకు మాత్రం 'విప్పేటోడు' అని పేరు స్థిరపడింది. మోటారుసైకిళ్లు మా షెడ్డుకు రావడం మానేశాయి, సైకిలు పంక్చర్లు మిగిలాయి. బడిలో నా పెన్ను మూత ఊడితే కూడా పిల్లలు "మీ నాయనకియ్యొద్దు" అనేవాళ్లు. రాజీ అయిపోయింది కదా, ఇప్పుడు కీ ఇచ్చేద్దామా అని ఒకసారి అడిగాను. ఇస్తే తీసినట్టు ఒప్పుకున్నట్టే అన్నాడు. నరహత్య చేయకు, దొంగిలించకు, అబద్ధమాడకు అని ఆదివారం బడిలో వల్లె వేసినప్పుడల్లా నేను మొదటిది గట్టిగా చెప్పి, మిగతా రెండింటి దగ్గర గొంతు తగ్గించేదాన్ని.

నాయన పోయి ఇరవై ఏళ్లయింది. బండాయన కూడా పోయాడు, ఎనభై దాటాక, మంచం మీద, చుట్టూ మనవళ్లతో. ఆ మనవళ్లలో ఒకతను పోయిన నెల మా ఇంటికొచ్చాడు. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదివి, ఇప్పుడు పాత బండ్లను బాగుచేసే సరదాలో పడ్డాడు. గడ్డివామి కింద గోతాలు దొరికాయట. సెల్‌ఫోనులో చూపించాడు, అదే ఎర్రటి ట్యాంకు. అన్నీ సరిగా ఉన్నాయి, చిన్న కీ ఒక్కటే లేదు, లేతు షాపులో చేయించి పెడితే రెండో కిక్కుకే స్టార్టయింది అన్నాడు. తర్వాత కొంచెం మొహమాటపడ్డాడు.

"ఏమనుకోవద్దు మేడం. మీ నాయనకు ఆ బండి చేతకాలేదని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాంటారు. అంత చిన్న సామాను కూడా కనుక్కోలేకపాయనా?"

వాకిట్లో ఎండ పడుతోంది. వాళ్ల తాత ఎనభై ఏళ్లు బతికాడు కాబట్టి ఆ పిల్లవాడు నా కుర్చీలో కూర్చుని ఆ మాట అడగగలుగుతున్నాడు. అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ తెల్లచొక్కా ఆయనకూ మనవళ్లున్నారు, వాళ్లకూ సెల్‌ఫోన్లున్నాయి.

"అవును నాయనా," అన్నాను. "మా నాయనకు చేతకాలేదు."

ఇన్నేళ్లలో ఫలానా వాడు పనికిరాడని నా ముందు ఎవరు తేల్చినా, వెంటనే తలూపడం నాకు అలవాటు కాలేదు. ఏ గాడిలోంచి ఏం తీసి, ఎవరి కోసం దాచాడో అని ఒక్క క్షణం ఆగుతాను. అతను వెళ్లాక పర్సు తెరిచి ఆ కీని చూసుకున్నాను. జామెట్రీ డబ్బా ఎప్పుడో తుప్పుపట్టి పోయింది. కీకి మాత్రం ఇప్పటికీ తుప్పు పట్టలేదు. ఏటా ఒకసారి నూనె రాస్తాను, చేతులు సబ్బుతో కడుక్కుని.