ధనియాల డబ్బాలో సౌండు గుండీ

మొన్న బతుకమ్మకు ముందు ఇల్లు దులుపుతూ అటక మీది పాత సామాను దించుతుంటే, మూత తుప్పుపట్టిన ధనియాల డబ్బా ఒకటి చేతికొచ్చింది. మూత తీయగానే ఎన్నేళ్ల కిందటివో తెలియని ధనియాల వాసన, కాస్త మెత్తబడి, కాస్త మట్టివాసన కలుపుకొని ముఖానికి తగిలింది. అడుగున వేలు పెట్టి చూస్తే గుండ్రటి నల్ల ప్లాస్టిక్ గుండీ, అంచు చుట్టూ సన్నటి గీతలు, నడుమ తెల్ల చుక్క. మా పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ సౌండు గుండీ అది. నేను నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను. నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకి పెద్దది ఇన్నేళ్లూ ఆ డబ్బా అడుగునే ఉంది.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. ఒకరింట్లో పోపు వేస్తే ఇంకొకరింట్లో తుమ్మేవాళ్లు. పొద్దున్నే సైరన్ మోగేది. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు కంటిరెప్పల అంచున కాటుకలా బొగ్గు మిగుల్చుకొని ఇళ్లకు వచ్చేవాళ్లు. బొగ్గుల పొయ్యిల మీద నీళ్లు కాగి, వరుసంతా వేడినీళ్ల ఆవిరీ ఎర్రసబ్బు వాసనా కమ్ముకొని, ఆ తర్వాత ఒక్కో కిటికీకి ఒక్కో దుప్పటి పరదాగా పడేది. ఇక సాయంత్రం దాకా మా వీధి నీళ్లలో మునిగినట్టుండేది. మా బాపు కాకపోతే ఎడమ పక్కింటాయన, ఆయన కాకపోతే కుడి పక్కింటాయన, ఎవరో ఒకరు ఏ వారమైనా రాత్రి డ్యూటీలోనే ఉండేవాళ్లు కనుక పగలు చప్పుడు చేయకూడదన్నది ఎవరూ రాయని చట్టం. మా వీధి పిల్లలు గోలీలు మెత్తటి మట్టిలో ఆడేవాళ్లు. కొట్లాటలు, తిట్లు కూడా గుసగుసల్లోనే. మధ్యాహ్నం దూరాన గనిలో బ్లాస్టింగ్ జరిగి గూట్లో గిన్నెలు గలగలమన్నా నిద్రలేవని మనుషులు, పక్కింటి పిల్ల గట్టిగా నవ్వితే లేచి కూర్చునేవాళ్లు.

ఒక దసరా బోనస్‌తో బాపు నాకు టీవీకి తగిలించే వీడియో గేమ్ సెట్టు కొనిచ్చాడు. వరుసలో సొంత సెట్టు నా ఒక్కడిదే. ఆ రోజు సాయంత్రమే మా అమ్మ టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి, సౌండు గుండీని చటుక్కున పీకి, నేను చూస్తుండగానే ధనియాల డబ్బాలో దాచింది. పొద్దుగూకి బాపు లేచాక వార్తలకు తీసేది, అయిపోగానే మళ్లీ డబ్బాలో వేసేది. మా టీవీ శబ్దానికి ఎప్పుడూ ధనియాల వాసన అంటుకునే ఉండేది. అలా నేను ఆటలన్నీ చప్పుడు లేకుండా ఆడాను. కార్లు గుద్దుకున్నా, మనుషులు కొట్టుకున్నా, కొండలు కూలినా అన్నీ మౌనంగానే. ఆటలంటేనే అంత కాబోలు అనుకున్నాను.

కాసెట్ల మీది పేర్లు మాకు అర్థమయ్యేవి కావు, మేమే పేర్లు పెట్టుకున్నాం. ఎవరో ఇచ్చిన పాత డైరీ ఒకటి తీసుకొని ఎడమ పేజీలో మంచి, కుడి పేజీలో చెడు రాయడం మొదలుపెట్టాను. కారు ఆటలో మంచి ఏమంటే, చేతికిచ్చిన మరుక్షణం నుంచి ఎవరైనా ఆడొచ్చు. చెడు ఏమంటే, ఎంత దూరం పోయినా అదే చెట్టు, అదే కొండ, ఆట ముగిశాక ఎక్కడికీ పోయివచ్చినట్టుండదు. కుస్తీ ఆటలో నేర్చుకున్నవాడికీ, గుండీలన్నీ కలిపి బాదేవాడికీ తేడా లేదు, అది న్యాయం లేని ఆట. కానీ అలిగిన ఇద్దరిని దాని ముందు కూర్చోబెడితే దెబ్బ తగలకుండా కోపం తీరిపోతుంది. ట్యాంకుల ఆటలో ఇద్దరు కలిసి ఒకే ఇంటిని కాపాడుకోవడం బాగుంటుంది, మనవాడు పేల్చిన గుండే మనకు తగలడం బాగుండదు. ఇటుకల ఆట మా అమ్మకు ఇష్టం. పై నుంచి పడే ఇటుకలను, పండుగకు గారెల పళ్లేలు సర్దినట్టు ఒద్దికగా సర్దేది. ఒకసారి బాపు వెనక నిలబడి చూసి అడిగాడు.

"ఇందుల గెలుసుడు లేదా?"

"లేదు. మీదికొచ్చేదాక సర్దుకుంట పోవుడే," అంది అమ్మ.

"మా డ్యూటీ లెక్కనే ఉన్నది గదా!"

బాపు మాటను కూడా డైరీలో చెడు వైపు రాశాను.

బజారులో సెట్లూ కాసెట్లూ కిరాయికిచ్చే ఓదెలన్న నా డైరీని దుకాణంలో పెట్టుకొనేవాడు. పిల్లలు దాన్ని తిరగేసి గానీ కాసెట్ తీసుకునేవాళ్లు కాదు. నేను చెడు అని రాసిన ఆట మీద దుమ్ము పేరుకునేది. పన్నెండేళ్లవాడికి అంతకన్నా మత్తు ఇంకేం కావాలి?

ఆ డైరీలో నేను పూర్తిగా కొట్టేసిన ఆట ఒక్కటే, గుహ ఆట. దీపం పట్టుకున్న చిన్న మనిషి ఒక్కో గదీ దాటుతూ లోపలికి దిగుతుంటాడు. అయిదు గదులు బాగానే ఉంటాయి. ఆరో గదిలో దీపం ఆరిపోయి తెర మొత్తం నల్లబడుతుంది. అడుగు వేస్తే ఎక్కడినుంచో రాయి పడి చచ్చిపోతాం. నేను ఎండాకాలం సెలవులన్నీ దానికే తగలేశాను. చివరికి డైరీలో రాశాను: "ఆరో గది దాటడం ఎవరి వల్లా కాదు. తయారు చేసినవాడి తప్పు."

వరుస చివరి క్వార్టర్‌లో సదయ్య ఉండేవాడు, నా ఈడువాడే. వాళ్లకు ఒకవైపు ఖాళీ స్థలం, ఇంకోవైపు తాళం వేసిన క్వార్టర్, కనుక వాళ్లింట్లో చప్పుడైనా ఎవరి నిద్రా చెడదు. వాళ్ల నాన్న లింగయ్యను మేం కాక అని పిలిచేవాళ్లం. ఆయన ఒకప్పుడు గనిలో కప్పుకు ఆసరాగా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. కప్పు కూలి కాలు దెబ్బతిన్నాక గని పైన పగటి డ్యూటీ ఇచ్చారు. సాయంత్రాలు గడపలో కూర్చొని చేతికర్రతో నేలను తడుతూ మాకు చెప్పేవాడు, కింద కండ్లకంటే చెవులే ముఖ్యమనీ, కూలే ముందు దుంగ మాట్లాడుతుందనీ. మేం సగం వినేవాళ్లం, సగం మర్చిపోయేవాళ్లం.

సదయ్య ఒక ఆదివారం సెట్టు కిరాయికి తెచ్చుకొని ఆడి, మర్నాడు బడి నుంచి వచ్చాక మా ఇంట్లో అందరం కూర్చున్నప్పుడు మెల్లగా అన్నాడు.

"ఆరో గది దాటిన్రా."

"ఎవలు? నువ్వా?" అన్నాను.

"నేనే. ఏడో గదిల బంగారు తలుపు ఉంటది. దాన్ని తాకితె ఆట అయిపోతది."

"కలల దాటిండట!" అన్నాడొకడు. బాపు లోపల నిద్రపోతున్నాడు కనుక అందరం నోటికి చేతులడ్డం పెట్టుకొని నవ్వాం.

"అరే, సప్పుడు ఇనాలెరా. రాయి పడేముందు టిక్కుటిక్కుమంటది, ఆగాలె. నీళ్ల సప్పుడు దిక్కు పోవద్దు. సౌండు పెట్టు, ఇప్పుడే జూపిస్త."

"గుండీ లేదు. అమ్మ యాడ పెట్టిందో నాకెర్క లేదు."

ధనియాల డబ్బా నాకు పది అడుగుల దూరంలో ఉంది. బాపు నిద్ర చెడుతుంది, సాయంత్రం రమ్మని చెబితే అది నిజమయ్యేది. నేను అలా చెప్పలేదు. వాడు దాటి చూపిస్తాడేమోనన్న భయం నాకప్పుడే పుట్టింది. అంటే వాడు నిజమే చెబుతున్నాడని లోపల ఎక్కడో నాకు తెలుసు. తెలిసే, ఓదెలన్న దగ్గరికి పోయి డైరీ తీసుకొని గుహ ఆట పేజీలో "సదయ్య దాటానన్నది అబద్ధం" అని రాసి, కింద సంతకం పెట్టాను. మర్నాడు ఓదెలన్న దాన్ని దుకాణం ముందు నిలబడి పెద్దగా చదివి, అందరినీ నవ్వించాడు.

అంతే, వాడి పేరు పోయి 'ఆరో గది' మిగిలింది. లెక్కల్లో అరవై మార్కులొచ్చాయంటే "ఆరో గదిలనా?" అనేవాళ్లు. జ్వరమొచ్చి బడికి రాలేదంటే "ఆరో గదిల పండుకున్నవా?" అనేవాళ్లు. వాడు మొదట్లో ఎదురు చెప్పేవాడు, తర్వాత నవ్వేవాడు, ఆ తర్వాత మాట్లాడటమే తగ్గించేశాడు.

ఆ వారంలోనే నల్లా దగ్గర లింగయ్య కాక నన్ను ఆపాడు. కర్ర గోడకు ఆనించి, బిందె కింద పెట్టి, వంగి నా కళ్లలోకి చూశాడు.

"కొడుకా, మా సదిగాడు నిజంగనే అబద్ధమాడిండా? ఆటలు ఎరిగినోనివి నువ్వు. నువ్వే జెప్పు."

"ఆడిండు కాక," అన్నాను.

ఆయన "సరే బిడ్డా," అని కర్ర అందుకొని, బిందె ఎత్తుకొని, కుంటుకుంటూ, అడుగడుక్కీ నీళ్లు తొణికిస్తూ పోయాడు. ఎండిన మట్టి మీద ఆ తడి చుక్కల బాట వాళ్ల గడప దాకా పోయి చాలాసేపు మెరిసింది. మరుసటి ఎండాకాలం వాళ్లు బెల్లంపల్లికి వెళ్లిపోయారు.

గుండీ దొరికిన రోజు మా అమ్మాయి అఖిలను అడిగాను, పాత ఆటలు ఇప్పుడు దొరుకుతాయా అని. పాతవన్నీ ఫోన్లోనే ఉన్నాయంది. దీపం, గుహ, నల్లటి గది అని గుర్తులు చెబితే కాసేపు వెతికి తీసిచ్చింది. తన ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టింది. ఇప్పుడు మేముంటున్న సెంటినరీ కాలనీ క్వార్టర్ వరండాలో కూర్చొని ఒక్కో గదీ దిగుతూ ఆరో గదికి చేరాను. తెర నల్లబడింది. ఎక్కడో నీళ్లు పారుతున్నాయి. రెండడుగులు వేశానో లేదో నెత్తి మీద టిక్... టిక్... ఆగాను. ముందర రాయి పడింది. ఎండిన దుంగ మీద గోటితో మీటినట్టున్న ఆ చప్పుడు, లింగయ్య కాక గడపలో కూర్చొని కర్రతో తట్టి చూపించిన చప్పుడు. కళ్లు మూసుకొని నడిచాను. కళ్లు తెరిచేసరికి బంగారు తలుపు.

"ఇది ఇయర్‌ఫోన్లు లేకుండ ఎట్ల ఆడిన్రు డాడీ?" అని అడిగింది అఖిల. వాటిని చెవుల్లోంచి తీసి తన చేతిలో పెట్టాను.

తర్వాత వారం రోజులు పాత ఆటలన్నీ శబ్దంతో ఆడి చూశాను. కుస్తీ ఆటలో ప్రతివాడూ కొట్టే ముందు గట్టిగా ఊపిరి పీలుస్తాడు. విన్నవాడు తప్పించుకుంటాడు, అంటే దాంట్లో న్యాయం ఉంది. ఇటుకల ఆటలో గోడ ఎత్తు పెరిగేకొద్దీ పాట వేగం పెరుగుతుంది. మా అమ్మ అన్నేళ్లూ ఏ హెచ్చరికా అందకుండానే ఓడిపోయిందన్నమాట. కారు ఆట మటుకు శబ్దంతోనూ అంతే, ఎక్కడికీ పోదు. ట్యాంకుల మోత భరించలేం, దానికి మౌనమే మేలు. నా తీర్పులు కొన్ని నిలిచాయి, కొన్ని కూలాయి. కూలినవాటిలో ఒక్కదాని కింద మాత్రమే ఒక మనిషి పడి ఉన్నాడు.

పాత వరుసవాళ్లను అడిగి సదయ్య జాడ తెలుసుకొని, ఆదివారం బస్సెక్కి బెల్లంపల్లి పోయాను. సదయ్య మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న కొట్టులో, ఒక మోటారుకు చెవి ఆనించి కళ్లు మూసుకొని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నేను గుండీ తీసి బల్ల మీద పెట్టాను.

"గీ టీవీకి ఇప్పుడు సామాను దొరకదన్నా," అన్నాడు ముందు. తర్వాత నన్ను గుర్తుపట్టాడు. గుండీ వాసన చూసి మెల్లగా నవ్వాడు. "ముప్పై ఏండ్లు పట్టిందారా, ధనియాల డబ్బ మూత తీసుటానికి?"

"నీకెర్కేనా, గుండీ అందుల్నే ఉన్నదని?"

"వార్తలప్పుడు మీ అమ్మ తీస్తుంటే నేను చూడలేదా ఏంది?"

లింగయ్య కాక పోయి చాలా ఏళ్లయిందట. నల్లా దగ్గర నేను ఆయనకు ఏం చెప్పానో చెప్పాను. సదయ్య స్క్రూ బిగిస్తూ తల ఊపాడు.

"తెలుసు. మా బాపు మల్ల వచ్చిన ఆదివారమే సెట్టు కిరాయికి తెచ్చి, నా కండ్లకు తువ్వాల గట్టి ఆడిపిచ్చిండు. బంగారు తలుపు తాను గూడ చూసిండు."

"మరి ఎవలకు చెప్పలేదేంది?"

"బాపే వద్దన్నడు. 'నీది నిజమని తెలిస్తె రేపటి సంది ఇంటింట్ల సౌండు పెడుతరు. నైట్ డ్యూటీ చేసినోళ్లకు నిద్ర ఉండది. నిద్ర లేనోడు కింద కప్పు సప్పుడు ఇనలేడు, నా కాలు గట్లనే పోయింది. నిన్ను నాలుగు రోజులు అబద్ధాలోడంటరు, అననీ బిడ్డా' అన్నడు."

వాడు మోటారుకు కరెంటు పెట్టి, చెవి ఆనించి, ఆపేశాడు.

"నాలుగు రోజులు గాదు, చానా ఏండ్లన్నరు," అన్నాడు కోపం లేకుండా. "చాయ్ తాగుతవా?"

చాయ్ తాగాను. క్షమించమని అడగాలని పోయినవాణ్ని, అడగకుండానే తిరిగొచ్చాను. అంత పెద్దదాన్ని ఒక్క మాటతో అడగడం చిన్నతనమనిపించింది.

మా బాపు దిగిన గని మూతబడింది. ఆ వరుసలో సగం క్వార్టర్లకు తలుపుల్లేవు; కిటికీలకు పగటి దుప్పట్లు లేవు, ఎర్రసబ్బు వాసన లేదు, గుసగుసగా తిట్టుకునే పిల్లలు లేరు. ఓదెలన్న దుకాణం ఉన్నచోట ఫోన్లమ్ముతున్నారు. మిగిలిందల్లా అటక మీదే దొరికిన నా డైరీ. గుహ ఆట పేజీ తీసి, ఉన్నది కొట్టేసి, కింద రాశాను: "ఆరో గది దాటొచ్చు. మొదట దాటింది సదయ్య. తప్పు రాసినవాడిది." మళ్లీ సంతకం పెట్టాను. కానీ డైరీ చదివేవాళ్లెవరు?

నడిమింట్లో బాపు టీవీ ముందు కునుకు తీస్తున్నాడు. ఆయన చెవులు దాదాపు పోయాయి. టీవీ శబ్దం వీధి చివరిదాకా వినిపిస్తుంది, అది లేకపోతే ఆయనకు నిద్ర రాదు. తట్టి లేపి పక్కన కూర్చొని చెప్పాను. "సదయ్య అబద్ధమాడలే బాపూ. నేను ఆడిన. నీ నిద్ర కోసమే లింగయ్య కాక వాన్ని మాట పడమన్నడు."

బాపు చెవికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇనవడ్తలేదు కొడుకా. జెర గట్టిగ జెప్పు."

లేచి టీవీ ఆపాను. తలుపు బార్లా తెరిచే ఉంది. వీధిలో బతుకమ్మ పేర్చుతున్న ఆడవాళ్లు, ఆడుకుంటున్న పిల్లలు, పక్కింటి గడపలో ఇద్దరు. ఆ వరుసలో పుట్టి పెరిగి, నేను ఎన్నడూ ఎత్తని గొంతెత్తి, వాళ్లందరూ తల తిప్పి చూసేంత గట్టిగా మళ్లీ మొదటినుంచి చెప్పాను.