అరటిపండును రద్దు చేసిన పంతులు

పిల్లల ఆటను బాగుచేద్దామని దిగి, ఆటనూ పంచెనూ ఒకే సాయంత్రం చింపిపెట్టిన ఘనుణ్ణి నేను. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి.

రజాకార్ల గొడవ సద్దుమణిగి బడులు మళ్లీ తెరుచుకున్న రోజులవి. మాది కోదాడ. సూర్యాపేట దగ్గరి మోతె బడికి కొత్త పంతులుగా వచ్చాను. మీసాలింకా సరిగా రాలేదు గానీ ఉపన్యాసాలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

ఒకనాటి పొద్దున గొర్లు కాసుకునే ఎల్లమ్మ, మనవరాలు లచ్చమ్మను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

"పంతులూ, ఇది రోజు ఏడ్సుకుంటనే ఇంటికొస్తది. ఎవ్వలు ఆటకు రానియ్యరంట. ఇయ్యాల గూడ ఏడ్సిందా, రేపటి సంది గొర్ల ఎంబడి తోలుత. సదువు ఖతం!"

"అవ్వా, సాయంత్రం నువ్వే వచ్చి చూడు. నేనున్నాగా!" అన్నాను. నేనుండటమే అసలు తంటా అని అప్పుడు తెలియలేదు.

సాయంత్రం పిల్లలు అంటుకునే ఆట మొదలుపెట్టారు. దొంగ ఎవరిని అంటుకుంటే వాళ్లే తర్వాతి దొంగ. వాళ్ల నాయకుడు నర్సిగాణ్ణి పిలిచి నిలదీశాను.

"లచ్చమ్మను ఎందుకు చేర్చుకోరురా?"

"గది శిన్నది పంతులూ, ఉరకరాదు. సరే తియ్యి, అరటిపండుగ పెట్టుకుంటం."

అరటిపండంటే మీకు తెలుసుగా? ఆటలో ఉంటుంది, ఉరుకుతుంది, కేకలేస్తుంది. అంటుకున్నా దొంగ మాత్రం కాదు. లచ్చమ్మ మొహం విప్పారింది. నేనక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకుంటానా!

"అరటిపండేంట్రా, అవమానం కాదూ? అందరూ సమానమే! అరటిపండు రద్దు!"

"మీ ఇష్టం. మల్ల మమ్మల్ని అనొద్దు" అన్నాడు నర్సిగాడు.

రెప్పపాటులో లచ్చమ్మ దొంగయింది. ఆ చిట్టి కాళ్లకు ఒక్కడైనా చిక్కితే ఒట్టు! కాసేపు ఉరికి, ఏడుపు మొహం పెట్టింది. అప్పటికే ఎల్లమ్మ గోడ పక్కన నిలబడి చూస్తోంది. నేను ఆట మధ్యలోకి దూకాను.

"ఆపండి! ఇప్పటినుంచి అందరూ అరటిపండ్లే! దొంగే లేడు!"

"మరి ఎవలను జూసి ఉరకాలె పంతులూ?"

పిల్లలంతా సంతలో పశువుల్లా కదలకుండా నిలబడ్డారు. ఒళ్లు మండిపోయి, "అయితే నేనే దొంగను, ఉరకండి!" అని పంచె ఎగగట్టి లంఘించాను. పంచె కాలికి చుట్టుకుంది, పర్రున చిరిగింది, బురదలో బోర్లా పడ్డాను.

పిల్లలు గుంపుగా చేరి గుసగుసలాడారు. నర్సిగాడు తీర్పు చెప్పాడు.

"పంతులుకు ఉరకరాదు. ఆటల వద్దు."

"నన్నే తీసేస్తార్రా?" అన్నాను. మీరు నమ్మరు గానీ, నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు లచ్చమ్మ ముక్కు తుడుచుకుని ముందుకొచ్చింది.

"పాపం, పంతులును అరటిపండు చేద్దాం. నేను గూడ ఉంట ఆయన తోటి."

అంటూ బురదంటిన నా వేలు పట్టుకుంది. అందరూ సరేనన్నారు. చీకటి పడేదాకా మేమిద్దరం ఉరుకుతూనే ఉన్నాం, అరుస్తూనే ఉన్నాం. ఎవరు అంటుకున్నా మాకేం కాలేదు.

వెళ్తూ వెళ్తూ ఎల్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"రేపు గూడ తోలుత తియ్యి పంతులూ. ఇది లేకుంటే నిన్ను ఆటకు ఎవలు రానిస్తరు?"

చిరిగిన ఆ పంచె సాక్షిగా ఆనాడే ఒట్టేసుకున్నాను: పిల్లల ఆటలో ఇక ఏనాడూ తీర్పులు చెప్పను. లచ్చమ్మ పిలిస్తే వెళ్తాను, అదీ అరటిపండుగానే.