పిన్నికి చెప్పని మాట

పిన్నికి టీబీ అని తేలిన ఏడాది నేను ఏడో తరగతి. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మాది రెండు గదులూ వెనక వరండా ఉన్న ఇల్లు. నాన్నా చిన్నాన్నా డ్యూటీకి వెళ్లిపోతే ఇంట్లో హిందీ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మామ్మ విజయనగరం నుంచి వచ్చి పాతికేళ్లయినా కూరల బండివాడితో వేళ్లు చూపించే బేరమాడేది. పిన్ని చిన్నాన్నతో కాపురానికొచ్చి రెండేళ్లు కాలేదు. అందుకని ఆసుపత్రి నర్సమ్మ ఇంటికొస్తే ఆవిడ మాటలు తెలుగులో చెప్పేది నేనే. ఆ పెద్దరికం నాకు భలే నచ్చేది.

దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, మూత ఉన్న డబ్బాలో ఉమ్మాలి, అందులో ఫినాయిలు పొయ్యాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, ఒంట్లో బాగుందని మందు ఒక్క పూట కూడా మానకూడదు, చంటి బాబుని తల్లికి కొన్నాళ్లు దూరంగా ఉంచాలి. మొదటిసారి నర్సమ్మ చెప్పినవన్నీ పొల్లుపోకుండా చెప్పాను. వేరే కంచం, వేరే గ్లాసు, వరండాలో మంచం, గడప దాటి లోపలికి రాకూడదు అన్నవి మామ్మ సొంతంగా కలిపింది.

ఆరు నెలల బాబు నా పక్కలోకి వచ్చాడు. పాలు పట్టేదీ ఉయ్యాల ఊపేదీ నేనే. బడి నుంచి రాగానే నా గొంతు విని గబగబా పాక్కుంటూ వచ్చేవాడు. నా జడ గుప్పిట్లో ఉంటేగానీ నిద్రపోయేవాడు కాదు. పిన్ని వరండాలోంచి చూస్తూ ఉండేది.

మూడు నెలల తర్వాత నర్సమ్మ కఫం పరీక్ష కాగితం పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "అబ్ కీడే నహీ హై. బచ్చా మా కో దే దో. దవాయి మత్ ఛోడ్నా" అంది. క్రిములు లేవు, బిడ్డని తల్లికి ఇచ్చెయ్యండి, మందు మాత్రం మానొద్దు అని. బాబు నా చంకలోనే ఉన్నాడు.

"ఏటంతందే ఆవిడ?" అంది మామ్మ.

"మందు మానొద్దంట."

పిన్ని మంచం మీంచి లేచి నిలబడింది. "బాబు గురించి ఏటీ అనలేదా?"

"లేదు" అన్నాను.

వాడికి జబ్బు అంటుకుంటుందన్న భయంతో అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది బొంకు. వాణ్ణి ఇవ్వబుద్ధి కాలేదు, అంతే. తల్లి లేకపోతే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఆ తర్వాత నర్సమ్మకి ధర్సీవా ఊళ్ల వైపు డ్యూటీ వేశారు. చిన్నాన్న ఆసుపత్రికెళ్లి మందులు తెచ్చేవాడు గానీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆవిడ మళ్లీ వచ్చేసరికి బాబు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. పిన్ని వరండాలో ఒంటరిగా అన్నం తింటోంది. అది చూసి నర్సమ్మకి ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే పిన్ని ఎదుట కూర్చుని, బాబునీ పిన్నినీ మార్చి మార్చి చూపిస్తూ, ఆ రోజే ఇమ్మని చెప్పాను కదా అని నిదానంగా అడిగింది.

అన్ని నెలలూ పక్కింటామెతో గోడ మీంచి మాట్లాడి పిన్ని కాస్త హిందీ నేర్చుకుంది. ఆమెకి అర్థమైంది. నావైపు చూసింది. నేను బాబుని ఎత్తేసుకున్నాను.

"హమ్ హీ డర్ గయా" అంది నర్సమ్మతో. నేనే భయపడ్డాను అని. అప్పుడు మామ్మ వైపు తిరిగి, "బాబుని ఎత్తుకోవచ్చంతంది అత్తా" అంది.

గడప దాటి లోపలికొచ్చి చేతులు చాపింది. వాడు గుక్కపట్టి ఏడుస్తూ నా మెడ వాటేసుకుని మొహం దాచుకున్నాడు. పిన్ని మెల్లగా చేతులు దించేసింది.

"ఏడిపించకే అమ్మా. వాడికి కొత్త మనిషిని కదేటి, కొన్నాళ్లు పడతాది" అంది నాతో.

నన్ను నాలుగు తన్నినా బాగుండేది.