శివరాత్రి దాటాక మంచు

నేను రిటైరవడానికి ముందటి చలికాలం. నారాయణగూడలోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో అప్పటికి సీనియర్ టూర్ మేనేజర్ని. పేరుకు పెద్ద హోదా. పనల్లా పొద్దంతా ఫోన్లో గొంతు చించుకోవడం. డిసెంబరు మొదట్లో చిక్కడపల్లి నుంచి ఒకాయన వచ్చారు. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మాస్టారు. ఆయన తల్లి శకుంతలమ్మ గారు బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యారు. మంచు గురించి ఏళ్ల తరబడి చెప్పడమేగానీ కళ్లతో చూసింది లేదు. ఇప్పుడు ఆ కళ్లే పోతున్నాయి. మరో చలికాలం దాకా చూపు ఉంటుందని చెప్పలేమన్నారట డాక్టర్లు. కురిసే మంచు ఆమెకు ఒక్కసారి చూపించాలి.

మంచు మీద స్కీయింగ్ చేసే రిసార్టులు రెండింటిని పోల్చాను. ఒకటి కాశ్మీరులో, ఒకటి హిమాచల్‌లో. ఇందులో ఒక కిటుకుంది. ప్రచారానికి ఇచ్చే మంచు కొలత కొండ కొమ్ము మీదిది. మనిషి ఉండేది కింద హోటల్లో. అందుకని హోటల్ గుమ్మం దగ్గర ఎంత పడింది, మధ్యాహ్నానికి ఎంత మిగిలింది అని అడగాలి. అలా అడిగినా కాశ్మీరుదే పైచేయి, అక్కడ మార్చిలోనూ కురుస్తుంది. కానీ ఆమె గుండెకు అంత ఎత్తు పనికిరాదని డాక్టరు మాట. హిమాచల్‌ది కాస్త పల్లంలో ఉంది. జనవరిలో అక్కడ గుమ్మంలోకే మంచు వస్తుంది. ఫిబ్రవరి చివరికి అదంతా వాన. కాబట్టి హిమాచల్, జనవరి. అదే చెప్పాను.

మాస్టారు వినలేదు. "జనవరి చలికి అమ్మ తట్టుకోదు సార్. శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతది గదా, గప్పుడే పోతం" అన్నారు. ఆ సామెత మన ఊరికేగానీ ఆ కొండలకు కాదన్నాను. "మీరు జర పరేషాన్ చెయ్యకుండ్రి సార్" అన్నారు. తర్వాత ఫోన్ చేసి కూడా చెప్పి చూశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చివరికి, మంచుకు గ్యారంటీ లేదని రాసి సంతకం తీసుకున్నాను. అది మా పద్ధతి. ఇంకా వాదించే ఓపిక లేకపోయింది.

వెళ్లారు. ఉన్నన్నాళ్లూ వానే. తిరిగొచ్చాక వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు తల ఎత్తలేదు. శకుంతలమ్మ గారే నవ్వారు. "వాన చూడనీకి గంత దూరం పోవాల్నా బాబూ? మన చిక్కడపల్లిల పడ్తలేదా?"

నాకూ నవ్వొచ్చింది, వెంటనే బాధేసింది. జనవరిలోనే వెళ్లమని చెప్పానన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నేను గూడ జనవరే అందును. ఎండ ముదిరితే మంచు పోయి వాన పడతదని పిల్లలకు చెప్పిన పాఠమే గదా. చలికి వణికితే వణుకుతుంటి. నన్ను ఎవరడిగిండ్రు?"

బుక్ చేసేవారితోనే మాట్లాడటం మా వృత్తిలో ఆనవాయితీ. రెండు కొండల మంచు పోల్చడానికి ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాను. ఆమెతో మాత్రం మాట్లాడలేదు. ప్రయాణం ఎవరి కోసమో, తేదీ వారినే అడగాలి. మిగిలిన కొద్ది నెలల ఉద్యోగంలో అలాగే చేశాను. శకుంతలమ్మ గారికి అది అక్కరకు రాలేదు. మళ్లీ జనవరి వచ్చేసరికి ఆమె చూపు పోయింది.