రంగు కుదిరిన చెయ్యి

కృత్రిమ చేతులు తయారుచేసే ఆ కార్ఖానాలో అందరూ ఆమెను రంగులమ్మ అంటారు. రబ్బరు చేతికి మనిషి ఒంటి రంగు వేయడం ఆమె పని. గోడకు ఇరవై రెండు నమూనా ముక్కలు వేలాడుతుంటాయి, పాలమీగడ రంగు నుంచి చామనఛాయ దాకా. ఆమె భర్త రంగు వాటిలో లేదు. "ఆ రంగువాళ్లు మన దగ్గరికెందుకొస్తారమ్మా?" అంటాడు యజమాని, అదేదో ముచ్చటైన మాటలా.

భర్త నల్లజాతివాడు, బస్సు నడుపుతాడు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా లోకానికి ఆ సంగతి మింగుడుపడలేదు. అద్దె ఇల్లు చూడ్డానికి ఆమె ఒక్కతే వెళ్తే ఖాళీ. భర్తతో వెళ్తే అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. ఆరేళ్ల కూతురితో బజారుకెళ్తే, "పెంచుకున్నావా తల్లీ, ఎంత మంచి మనసు!" అంటారు. కన్నానని చెప్పగానే ఆ మంచి మనసు కాస్తా ఆవిరైపోతుంది. పుట్టింటివాళ్లయితే గడప తొక్కొద్దన్నారు.

అలాంటిది, రంపం మిషన్లో ఎడమచెయ్యి మణికట్టు దాకా పోగొట్టుకుని సొంత అన్నయ్యే వచ్చాడు. ఆ పనిలో చెల్లెలిని మించినవాళ్లు లేరని ఎవరో చెప్పారట. పిచ్చిది, పొంగిపోయింది. తన పిల్లకు మేనమామ దొరికాడనుకుంది. మిగిలిన కుడిచెయ్యి చూస్తూ నరం నరం దించింది. చిన్నప్పుడు ఆమెకు సైకిలు నేర్పబోయి ఎడమ బొటనవేలికి తెచ్చుకున్న మచ్చ ఒకటుండేది. దాన్ని ఏ కొలతా అక్కర్లేకుండా వేసింది.

చెయ్యి తొడిగే రోజు పాపను బడి నుంచి నేరుగా తీసుకొచ్చింది.

"అబ్బ, అచ్చం నాదేనే! మచ్చ కూడా మర్చిపోలేదా?" అన్నాడు అన్నయ్య. కళ్లు చెమర్చాయి కూడా.

ఇదే అదననుకుంది ఆమె. "మామయ్యతో చెయ్యి కలపమ్మా."

పాప చెయ్యి చాచింది. తమ వంతు కోసం బల్ల మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు తలలెత్తి చూశారు. అన్నయ్య వాళ్లవంక చూశాడు. అతని కుడిచెయ్యి జేబులోకి పోయింది. ఎడమది ముందుకొచ్చింది.

పాప ఆ రబ్బరు వేళ్లను పట్టుకుని ఊపి ఊపి మురిసిపోయింది.

అతను వెళ్లాక అడిగింది. "మామయ్య చెయ్యి చల్లగా ఉందేంటమ్మా?"

"కొత్తది కదమ్మా," అంది తల్లి. ఆ మచ్చ వేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.